మన తీర గ్రామాలకు మళ్లీ ఒక కైఫియత్తు రాసుకుందాం

బాపట్ల, రేపల్లె, భట్టిప్రోలు, నిజాంపట్నం, చినగంజాం చుట్టుపక్కల గ్రామ పంచాయతీల సర్పంచులకు, వార్డు సభ్యులకు, కార్యదర్శులకు గుంటూరు నుంచి ఒక దస్తావేజు లేఖరి నమస్కరించి రాసుకుంటున్న లేఖ. కైఫియత్తు అంటే ఊరి సంగతులు రాసిపెట్టిన కాగితం. అలాంటి పుస్తకం ఒకటి మీ పంచాయతీలో పెట్టమని అడగడానికే ఇది.

నేను ఇరవై ఏడేళ్లుగా గుంటూరులో దస్తావేజులు రాస్తున్నాను. అమ్మకాలు, తనఖాలు, దాన సెటిల్‌మెంట్లు, అన్నదమ్ముల భాగపంపకాలు అన్నీ మా బల్ల మీదకే వస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రపు ఒడ్డే లేకుండా పోయింది. తీరం మొత్తం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద అలా ఉన్నా, గుంటూరులో మాలాంటి ఎంతోమందికి అమ్మమ్మ ఊరో అత్తగారి ఊరో మీ వైపే. మా అమ్మ పుట్టిల్లు నిజాంపట్నం వైపు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి. అందుకని ఇది బయటివాడు రాసిన ఉత్తరం అనుకోకండి.

దస్తావేజులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చెక్కుబందీ. భూమికి నాలుగు దిక్కులా ఏముందో చెప్పే నాలుగు లైన్లు అవి. పాత దస్తావేజుల నకళ్లు తీసి చూస్తే మీ ఊళ్ల చెక్కుబందీల్లో ఎలాంటి పేర్లు కనపడతాయో! తూర్పు: పాటిదిబ్బ. దక్షిణం: పాత రేవుకు పోయే డొంక. పడమర: కోటదిబ్బ మెరక. ఉత్తరం: ఓడల కుంట. సముద్రం ఎక్కడో కోసుల దూరంలో ఉంటే వరి పొలం పక్కన రేవేమిటి, కుంటకు ఓడల పేరేమిటి అని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. పేర్లు ఊరికే పుట్టవని తర్వాత తెలిసింది. కృష్ణ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోస్తుంటే ఒడ్డు ముందుకు జరిగింది. పడవలు ఆగిన చోట ఇప్పుడు నాట్లు వేస్తున్నాం. దివిసీమ వైపు ఘంటసాల చూడండి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలమీ కంటకోస్సిల అని రాసుకున్న రేవు అదేనని చరిత్రకారులు చెబుతారు. ఈవేళ అక్కడ నిలబడితే కెరటాల చప్పుడు కూడా వినపడదు.

ఇప్పుడు నేను రాస్తున్న దస్తావేజుల్లో చెక్కుబందీ ఇలా ఉంటుంది. తూర్పు: ప్లాట్ నంబర్ 14. పడమర: 30 అడుగుల రోడ్డు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు కూడా పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. రీసర్వే వద్దని నేననడం లేదు. హద్దు తగాదాల్లో జీవితాలు అరిగిపోయినవాళ్లను రోజూ చూస్తుంటాను. కానీ నంబర్ వచ్చిన చోట పేరు పోతోంది. రాస్తున్నది నా చెయ్యే కాబట్టి ఆ పోవడం నాకు కాస్త ఎక్కువగా కనపడుతోంది.

పాటిదిబ్బ గురించి కొంచెం చెప్పాలి. పెద్ద రైతులకు తెలుసు, పిల్లలకు తెలియదు. పాటి అంటే పూర్వం ఊరు ఉండి పాడుబడ్డ చోటు. వందల ఏళ్లు జనం కాపురం ఉన్నచోట బూడిద, పేడ, ఎముకలు, చెత్త అన్నీ కలిసి మట్టి నల్లగా, మెత్తగా, సారవంతంగా మారుతుంది. అదే పాటిమన్ను. మా తాతల కాలంలో ఎండాకాలం వస్తే చాలు, బళ్లు కట్టుకుని పాటిమన్ను తోలుకొచ్చి పొలాలకు వేసేవారు. ఎరువుల కొట్లు లేని రోజుల్లో అది రైతుకు బంగారం. దాంతో పాటే చిల్లపెంకులు, పూసలు, బొమ్మల ముక్కలు పొలాల్లోకి చెదిరిపోయాయి. ఎవరినీ తప్పుపట్టలేం, అన్నం కోసం చేసిన పని అది. ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఆపైన జేసీబీలు, పొక్లెయిన్లు వచ్చాయి. బండి తోలుకుంటే వందేళ్లు పట్టే దిబ్బ ఇప్పుడు నాలుగు రోజుల్లో చదునవుతుంది.

నా కళ్లతో చూసింది ఒకటి చెబుతాను. ఊరి పేరు రాయను. పదిహేనేళ్ల కిందట మా మేనమామ పొలంలో కౌలుకు తీసుకున్నాయన రొయ్యల చెరువు తవ్విస్తున్నాడు. మామయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, ఏదో పాత బావిలాగుంది, ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లాను. ఛాతీ లోతులో, నల్లమట్టి మధ్య ఎర్రగా గుండ్రంగా కాల్చిన మట్టి ఒరలు, ఒకదాని మీద ఒకటి. ఇప్పుడు మనం సిమెంటు ఒరలు దించుతామే, సరిగ్గా అలాగే. పై ఒర పొక్లెయిన్ పన్ను తగిలి పగిలింది. కింద ఇంకా నాలుగో ఐదో కనపడుతున్నాయి. ఒర అంచు మీద కుమ్మరి బొటనవేలితో నొక్కిన గుంటలు వరసగా ఉన్నాయి. నా బొటనవేలు ఒక గుంటలో పెట్టి చూశాను. సరిపోయింది.

చుట్టూ పెంకులు. లోపల నిగనిగలాడే నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఒక నిండు ఇటుక కూడా దొరికింది. ఈ కాలపు ఇటుకలు నాలుగైదు పెడితే గానీ దాని సైజు రాదు. మామయ్య ఇంటికి తెచ్చి టేపు పెట్టి కొలిచాను. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం 8. విరిగిన మూలలో ఊక కాలిపోయిన గుర్తులు సన్నగా బియ్యపు గింజల్లా కనపడుతున్నాయి. భట్టిప్రోలు స్తూపంలో వాడిన ఇటుకల కొలత కూడా దాదాపు ఇదేనని తర్వాత చదివినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆదివారం కెమెరా ఉన్న స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. అప్పటికే చెరువు పూర్తయింది, నీళ్లు పెట్టేశారు. రొయ్య పిల్ల వచ్చే తేదీ దగ్గరపడిందని కౌలుదారు టెన్షన్‌లో ఉన్నాడు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాణ్ణి ఏమంటాం? ఎవరికి చెప్పాలో మామయ్యకు తెలియదు. చెబితే పొలం పోతుందేమోనని భయం కూడా ఉంది. చదువుకున్నవాణ్ణి, నేనైనా ఆ మొదటి సాయంత్రమే ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఉండాల్సింది. ఎన్ని ఒరలు, ఎంత లోతు, ఏ సర్వే నంబర్, ఏ తేదీ. రోజంతా కాగితాలు రాసే నేను ఆ ఒక్క కాగితం రాయలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టండి. ఊళ్లో దొరికిన పాత వస్తువు, ఊరి వాళ్లకు గుర్తున్న పాత పేరు, గుడి గోడ మీది రాత, తుఫాను ఆనవాలు ఏదైనా సరే, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారో అందులో రాయించండి. తవ్వకాలు చేయించమని గానీ, మ్యూజియం కట్టమని గానీ నేను అడగడం లేదు.

మన తీరానికి ఇంత అవసరమా అంటారేమో. భట్టిప్రోలు సంగతే చూడండి. రైల్లోంచి చూస్తే మామూలు ఊరు. అక్కడి దిబ్బలను ఊరివాళ్లు విక్రమార్క కోట దిబ్బ అని, లంజదిబ్బ అని పిలిచేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దిబ్బ ఇటుకలను రోడ్లకు, కాలువ పనులకు తరలించారు. ఇక మిగిలిందేమీ లేదనుకున్న చోట 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వితే, స్తూపం నడిబొడ్డున ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటిక భరిణె, బంగారు పూలు, పూసలు, బుద్ధుడి ధాతువు (అస్థి అవశేషం) ఉన్నాయి. పేటికల మీద అక్షరాలు ఉన్నాయి. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు వాటిని చదివాడు. మౌర్యుల కాలపు బ్రాహ్మీ లిపికి కాస్త భిన్నంగా ఉండే ఆ రాతను లోకమంతా భట్టిప్రోలు లిపి అంటుంది. దక్షిణాది లిపుల పుట్టుక గురించి మాట్లాడేవాళ్లు ఎవరైనా మీ భట్టిప్రోలు దగ్గర ఒకసారి ఆగక తప్పదు. ఆ ధాతువును 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ అక్షరాల్లో ఏముందో తెలిస్తే మీకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కుబీరకుడనే రాజు పేరు ఉంది, సరే. నన్ను కదిలించింది అది కాదు. కుర అనే మనిషి తండ్రి, కుర తల్లి, కుర, శివ, ఈ నలుగురూ కలిసి బుద్ధుడి ధాతువులు ఉంచడానికి పేటికను, స్ఫటిక భరిణెను చేయించారని ఒక లైను చెబుతుంది. ఒక కుటుంబం. తల్లి పేరు విడిగా లేదు, కుర తల్లి అనే ఉంది. మన ఊళ్లలో ఇప్పటికీ ‘ఫలానావాడి అమ్మ’ అనే కదా పిలుస్తాం! మిగతా లైన్లలో గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఊరి కమిటీ అనుకోండి. రెండు వేల ఏళ్ల కిందట ఒక ఊరి పెద్దలు తమ పేర్లు రాయించుకున్నారు కాబట్టి మనకు తెలిశారు. మీరూ ఊరి పెద్దలే. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

అమరావతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజుల్లో అక్కడి స్తూపం ఉన్న దీపాలదిన్నె రాళ్లు, ఇటుకలు ఇళ్లకు పోయాయి, చలవరాయిని సున్నానికి కాల్చారు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ ఆ కబురు విని 1797లో చూడటానికి వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత విరిగిపోయిన, కనపడకుండాపోయిన శిల్పాలు కొన్ని ఎలా ఉండేవో మనకు తెలిసేది ఆ బొమ్మల వల్లే. చెక్కడాలు కొన్ని చెన్నైలో, నూటికి పైగా లండన్‌లో ఉన్నాయి. రాయి పోయినా గీసిన కాగితం మిగిలింది, నేను పట్టుకున్నది ఆ మాటనే.

మోటుపల్లి దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. చినగంజాం మండలం వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. క్రీస్తుశకం 1244 నాటిది. అంతకుముందు రాజులకు ఒక అలవాటు ఉండేది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకు చిక్కి ఒడ్డున పడితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజు లాగేసుకునేవాడు. గణపతిదేవుడు ఆ అలవాటు మానేస్తున్నానని రాయించాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకులకు దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని ఆ రాతలో ఉంది. సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ తర్వాత గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ సరుకుల పేర్లు, వాటి పన్నులు.

తుఫానులో కొట్టుకొచ్చిన పరాయి మనిషి సరుకు ముట్టుకోకూడదని రాయి మీద చెక్కించిన తీరం మనది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మళ్లీ వర్తకులకు రాయితీలిస్తూ మరో శాసనం వేయించాడు. ఓడల్లో వచ్చేవాళ్లు కూడా చదువుకోవాలని కాబోలు, దాన్ని సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించారు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ముత్‌ఫిలి అని రాసిన రాజ్యం ఈ రేవు పేరుమీదే. సాలెగూడులా ఉండే ఇక్కడి సన్నని బట్ట గురించి, దాన్ని ధరించడానికి ఏ రాజైనా రాణి అయినా ముచ్చటపడతారని ఆయన రాసుకున్నాడు. ఆ బట్ట నేసిన చేతులు ఎక్కడివి? మోటుపల్లి చుట్టూ, చీరాల చుట్టూ నేత ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మగ్గం గుంటల సంగతులు, పాత అంచుల పేర్లు, వలస వచ్చిన దారులు ఎవరైనా రాసుకుంటున్నారా?

నిజాంపట్నం నాకు అమ్మమ్మ ఊరి దారిలో ఉండేది కాబట్టి చిన్నప్పుడు చేపల వాసన తప్ప ఇంకేమీ తెలియదు. దాని పాత పేరు పెద్దపల్లి. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు నోరు తిరక్క పెటపొలి అన్నారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ ఈ ఒడ్డుకు వచ్చినప్పుడు ముందు ఆగింది నిజాంపట్నం దగ్గరే. బందరు ఆ తర్వాత. డచ్చివాళ్లు అప్పటికే దుకాణం పెట్టుకుని ఉన్నారు. వాళ్లంతా వచ్చింది దేనికి? ఒక వేరు కోసం కూడా. చిరివేరు. ఇసుక నేలలో పెరిగే చిన్న మొక్క వేరు అది. దాన్ని దంచి ఉడికిస్తే బట్టకు చిక్కటి ఎరుపు పట్టేది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. కలంకారీ ఎరుపు ఆ వేరు నుంచి వచ్చిందే. పెటపొలి చిరివేరుకు ఈ తీరంలోనే గొప్ప పేరుండేది. మీ ఊరి ఇసుక మెరకల మీద ఆ మొక్క ఇప్పటికీ మొలుస్తుందా? మేకలు కాసే ముసలాయన్ని అడిగితే చెప్పగలడేమో. అది కూడా ఆ పుస్తకంలోకి ఎక్కాల్సిన సంగతే.

ఇక తుఫాన్లు. 1864 నవంబర్ 1 రాత్రి బందరు ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారని రికార్డులు చెబుతాయి. మన కాలంలో 1977 నవంబర్ 19, శనివారం. ఆనాటికి నాకు ఐదేళ్లు, అమ్మమ్మగారింట్లో ఉన్నాను. అటకెక్కించి నన్ను ఒక దుప్పటిలో చుట్టడం, కింద గాబులు, బిందెలు తేలుతూ గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప నాకేమీ గుర్తులేదు. నీళ్లు దిగాక నడవా గోడ మీద బురద గీత ఒకటి మిగిలింది. అమ్మమ్మ ప్రతి సంక్రాంతికి గోడలకు సున్నం వేయించేది గానీ ఆ గీత దగ్గర కుంచె ఆపించేది. తను బతికినన్నాళ్లూ దాన్ని చెరపనివ్వలేదు. తర్వాత ఇల్లు పడగొట్టి డాబా కట్టారు. నేల నుంచి ఆ గీత ఎంత ఎత్తో ఎవరూ కొలిచి పెట్టలేదు. రేపు మీ ఊళ్లో తుఫాను షెల్టర్ ఎక్కడ కట్టాలి, ఏ వీధి ముందు మునుగుతుంది అనే ప్రశ్న వస్తే, అలాంటి పది గీతల కొలతలు ఉంటే ఇంజినీర్లకు ఎంత ఉపయోగం! ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. అన్నిటికన్నా తొందరపడాల్సింది ఇక్కడే. దిబ్బ రేపటికి ఉండవచ్చు, మనిషి ఉంటాడని చెప్పలేం.

పుస్తకం పెట్టడం కొత్త ఆలోచన కూడా కాదు. రెండు వందల ఏళ్ల కిందట మన ఊళ్లకు ఒకసారి జరిగింది. మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల మనుషులు ఊరూరూ తిరిగారు. కరణాలను కూర్చోబెట్టి, వాళ్ల దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) విప్పించి, ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుళ్లేవి, మాన్యాలెవరివి, ఏ శాసనం ఎక్కడుంది అని రాయించుకున్నారు. వాటినే కైఫియత్తులు అంటాం. గుంటూరు సీమ ఊళ్ల కైఫియత్తులు అచ్చయి దొరుకుతున్నాయి. ఒక్కసారి మీ ఊరిది గానీ పక్క ఊరిది గానీ చదవండి. భాష పాతదే, కానీ కరణంగారు అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. అందులో అన్నీ నిజాలే అని కాదు. పురాణం ఉంది, గొప్పలు ఉన్నాయి. అయినా ఆ నాలుగు పేజీలు లేకపోతే చాలా ఊళ్లకు రెండు వందల ఏళ్ల ముందు ఏముందో చెప్పే దిక్కే లేదు.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ రద్దు మంచిచెడ్డల జోలికి నేను పోను. కానీ ఊరి జ్ఞాపకాలు రాసిపెట్టుకునే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. కరణాల ఇళ్లలో పెట్టెల కొద్దీ ఉన్న కాగితాలు చెదపట్టాయి, పాతకాగితాల బండికి వెళ్లాయి. మా బల్ల దగ్గరకు ఒకాయన పొలం తగాదా కోసం తన ముత్తాత నాటి కట్ట ఒకటి తెచ్చాడు. విప్పుతుంటే పొడి రాలింది. మిగిలిన మూడు కాగితాల్లో ఒకదాని మీద ఊరి చెరువు గట్టు తెగినప్పుడు ఎవరెవరు ఎన్ని బళ్ల మట్టి తోలారో పేర్లతో సహా ఉంది. ఆయనకు కావలసింది అది కాదు కాబట్టి మళ్లీ కట్టేసుకుని వెళ్లిపోయాడు. నేను అడిగి ఫోటో తీసుకున్నాను. అలాంటి కట్టలు మీ ఊళ్లలో ఇంకా ఉంటాయి. ఇంటివాళ్ల నుంచి లాక్కోవాల్సిన పని లేదు, ఫోన్‌లో ఫోటో తీసి, ఎవరింట్లో ఉందో రాసి పెడితే చాలు.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. పేర్లను మంచి చేయకండి. లంజదిబ్బ అని పలకడానికి ఇబ్బందిగా ఉందని దాన్ని ఇంకేదో దిబ్బ అని రాస్తే, రేపు వెతికేవాడికి దారి తప్పుతుంది. తీరంలో ఆ పేరున్న చాలా దిబ్బల కింద బౌద్ధం ఉంది. అలాగే ఊరివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, ఎవరు చెప్పారో పక్కన రాయండి. నిజమో కాదో తేల్చడం తర్వాత వచ్చేవాళ్ల పని. దొరికిన వస్తువైతే ఎంత లోతులో దొరికిందో తప్పకుండా రాయండి. లోతు లేని పెంకు తేదీ లేని దస్తావేజులాంటిది. ఇది నా వృత్తి నేర్పిన మాట.

భయం గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మా మామయ్య నోరు నొక్కింది ఆ భయమే. పెంకులు దొరికాయని చెప్పినంత మాత్రాన పొలం పోదు. ఒక చోటును రక్షిత ప్రదేశంగా ప్రకటించాలంటే కేంద్ర చట్టం ప్రకారం ముందు నోటిఫికేషన్ వేసి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువివ్వాలి. ప్రకటించాక చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడాలకు నిషేధం ఉంటుంది. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ప్రతి దిబ్బకూ అలా జరగదు. ఇక నిధి సంగతి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలిపినవాడికి ఆ చట్టంలో హక్కు ఉంది. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చొప్పున పంచే ఏర్పాటు ఉంది. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ లోహం విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితేనే శిక్ష. ఈ నాలుగు ముక్కలు గ్రామసభలో ఒకసారి చదివి వినిపించండి. రాత్రికి రాత్రి బంగారం కరిగించుకునేవాళ్లు, గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వేవాళ్లు అప్పుడు కొంతైనా తగ్గుతారు.

మరీ దూరం పోనక్కర్లేదు, మా గుంటూరుకు దగ్గర్లోనే ఉన్న చేబ్రోలు చూడండి. అక్కడి భీమేశ్వరాలయానికి మరమ్మతులు జరుగుతుంటే శాసనం ఉన్న రాయి బయటపడింది. పురావస్తు శాఖ శాసన విభాగం వాళ్లు చదివారు. శాతవాహన రాజు విజయుడి కాలం నాటిది, క్రీస్తుశకం 207. కార్తీకుడనే ఆయన తాంబ్రాపె అనే ఊళ్లో అమ్మవారి గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహం పెట్టించాడట. తాంబ్రాపె అంటే చేబ్రోలే. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అన్నిటికన్నా పాతదని, సప్తమాతృకల ఆరాధనకు తొలి ఆనవాళ్లలో ఒకటని 2019 డిసెంబర్‌లో పేపర్లన్నీ రాశాయి. రాయి బయటపడిన రోజు మేస్త్రీయో కూలీయో దాన్ని పగలగొట్టి పునాదిలో వేసి ఉంటే? మీ ఊళ్లలో ఈ ఏడాది ఎన్ని గుళ్లకు మరమ్మతులు జరుగుతున్నాయో ఒకసారి లెక్క చూసుకోండి. మేస్త్రీలకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పాత రాళ్ల మీద సున్నం, రంగు, టైల్స్ పడకముందే ఫోటోలు తీయించండి.

స్కూలు పిల్లలను ఈ పనిలోకి తీసుకురండి. సోషల్ టీచర్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది, విజయవాడలో బాపు మ్యూజియం ఉంది. బస్సు మాట్లాడుకుని ఒక పూట తీసుకురండి. అద్దాల వెనక ఉన్న పెంకులు, ఇటుకలు చూశాక పిల్లలు ఊరికి తిరిగి వెళ్లి చెరువు గట్టు మీద ఏం కనపడినా ఊరుకోరు. ఆ వయసు పిల్లల కళ్లకు ఏదీ తప్పించుకోదు.

ఖర్చు గురించి ఆలోచించకండి. మంచి కాగితం, గట్టి అట్ట ఉన్న రెండు వందల పేజీల రిజిస్టర్లు మేం దస్తావేజుల పనికి వాడేవే ఉన్నాయి. ముందుగా అడిగిన పది పంచాయతీలకు నేను కొనిస్తాను. ఆదివారాలు నాకు సెలవు. పిలిస్తే వచ్చి, మొదటి రోజు కూర్చుని ఎలా రాయాలో చూపించి వెళతాను. పాత దస్తావేజుల్లో మీ ఊరి చెక్కుబందీ పేర్లు నేను రాసుకున్నవి కొన్ని ఉన్నాయి, అవి కూడా ఇస్తాను.

మా అమ్మమ్మగారి ఊరికి ఒక రిజిస్టరు ఇప్పటికే తయారుచేశాను. మొదటి పేజీలో రాసింది ఇది:

"పాటిదిబ్బకు దక్షిణాన రొయ్యల చెరువు. తవ్వుతుండగా ఛాతీ లోతులో కాల్చిన మట్టి ఒరల బావి కనపడింది. పై ఒర పగిలింది. కింద నాలుగో ఐదో ఉన్నాయి, సరిగ్గా లెక్కపెట్టలేదు. ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. అక్కడ దొరికిన ఇటుక: 45, 30, 8 సెంటీమీటర్లు. ప్రస్తుతం మేనమామగారి దొడ్లో, బోరింగు పక్కన, బట్టలుతికే బండకు ఆసరాగా ఉంది. చూపించినవారు: మేనత్త. ఆమెకు గుర్తున్న మరో సంగతి: దిబ్బ మీద తాటిచెట్టు దగ్గర ఇలాంటిదే ఇంకో బావి ఉండేదని ఆమె అత్తగారు చెప్పేవారు. చెట్టు ఇంకా ఉంది."

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక దస్తావేజు లేఖరి